పాలకవర్గాలు లేని ఏళ్లకు జవాబుదారీ ఎవరు?

పదవీకాలం ముగిసి నాలుగేళ్లు కావస్తున్నా శాసనసభకు ఎన్నికలు జరపకుండా, ఒక ఐఏఎస్ అధికారి చేత బడ్జెట్ పెట్టించి, ఆయన చేతనే ఆమోదింపజేసుకునే రాష్ట్రాన్ని ఊహించగలమా? దేశం అట్టుడికిపోతుంది. ముంబయి మహానగరపాలికలో సరిగ్గా ఇదే జరిగింది, ఎవరికీ నిద్ర చెడలేదు. అక్కడి పాలకవర్గం గడువు 2022 మార్చి 7న తీరింది. ఓటరు పోలింగ్ కేంద్రానికి వెళ్లగలిగింది 2026 జనవరి 15న. ఈలోగా 74 వేల కోట్ల రూపాయలు దాటిన 2025-26 బడ్జెట్‌ను సైతం ఒక అడ్మినిస్ట్రేటరే ప్రతిపాదించి, తానే ఆమోదించుకున్నారు. ఒక్క కార్పొరేటరైనా లేని సభలో చర్చ ఎవరు చేస్తారు?

రాజ్యాంగంలో అస్పష్టత ఉందనుకుంటే పొరపాటు. 73, 74వ సవరణల ద్వారా వచ్చిన 243-ఇ, 243-యు అధికరణాలు స్థానిక సంస్థలకు అయిదేళ్ల గడువును, 'అంతకు మించరాదు' అన్న హద్దును విధించాయి. ఆ గడువు తీరకముందే తదుపరి ఎన్నికలు పూర్తి కావాలన్నాయి. ఇది తప్పనిసరి నిబంధన అని కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే తేల్చింది. 2022 మేలో సురేశ్ మహాజన్ కేసులో మరింత సూటిగా చెప్పింది: వార్డుల పునర్విభజన పూర్తి కాలేదని గానీ, బీసీ రిజర్వేషన్లకు అవసరమైన ట్రిపుల్ టెస్ట్ జరగలేదని గానీ ఎన్నికలు ఆపడానికి వీల్లేదు.

ఆ మాట అన్న న్యాయస్థానమే నాలుగు నెలలు తిరగకముందే, 2022 ఆగస్టు 22న, మహారాష్ట్ర స్థానిక ఎన్నికలపై యథాతథ స్థితి ఉత్తర్వు ఇచ్చింది. కొద్ది వారాలకని ఇచ్చిన ఆ ఉత్తర్వు 2025 మే 6 దాకా సాగింది. నాలుగు నెలల్లో ఎన్నికలు ముగించాలని ఆనాడు ఆదేశించి, మళ్లీ 2026 జనవరి 31 వరకూ గడువు పెంచారు. ఎన్నికలు ఆపవలసిన అవసరం రాష్ట్ర ప్రభుత్వానిదైతే, ఆపే పని వాయిదాలు చేసిపెట్టాయి. పునర్విభజన చట్టాల చెల్లుబాటును కోర్టుల్లో ప్రశ్నించరాదన్న 243-జెడ్‌జి అధికరణం ఈ మొత్తం వ్యవహారంలో ఎవరికైనా గుర్తుకొచ్చిందో లేదో!

తెలంగాణ కథ ఇంతకంటే గొప్పదేం కాదు. 2024 జనవరి ఆఖరుకు గ్రామపంచాయతీల గడువు తీరింది. పన్నెండు వేలకు పైగా పల్లెలు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. ఎన్నికైన పాలకవర్గాలు లేనిచోట పదిహేనవ ఆర్థిక సంఘం గ్రాంట్లు నిలిచిపోతాయని ప్రభుత్వానికి తెలియక కాదు. వీధిదీపాలకూ, డ్రైనేజీకీ సొమ్ము లేక పంచాయతీలు ఖాళీ ఖజానాలతో మిగిలాయి. మూడు నెలల్లో ఎన్నికలు జరపాలని 2025 జూన్‌లో హైకోర్టు ఆదేశించాక, సెప్టెంబరు 26న బీసీలకు 42 శాతం రిజర్వేషన్ ప్రకటిస్తూ జీవో 9 వచ్చింది. అక్టోబరు 9న హైకోర్టు స్టే, వారం తిరగగానే సుప్రీంకోర్టులో తిరస్కరణ. చివరికి 50 శాతం పరిమితికి లోబడి డిసెంబరులో పోలింగ్ జరిగింది. ఇరవై రెండు నెలల ఎదురుచూపులో పల్లెకూ, బీసీలకూ దక్కిందేమిటి?

బీసీల వాటా న్యాయమైన కోరికే. కనుకనే దాన్ని జాప్యానికి డాలుగా వాడుకోవడం క్షమించరానిది. రిజర్వేషన్లకు ముందు స్థానిక సంస్థలవారీగా వెనుకబాటును లెక్కించాలని కృష్ణమూర్తి కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది 2010లో. పదకొండేళ్ల తర్వాత, 2021లో గవళి తీర్పు మెడమీద పడేదాకా ఎన్ని రాష్ట్రాలు కదిలాయి? ఆ లెక్కలు ముందే సిద్ధంగా ఉంటే బీసీ అభ్యర్థి న్యాయస్థానం గుమ్మంలో కాక ప్రచారంలో కనిపించేవాడు.

రాష్ట్ర ఎన్నికల సంఘాలు అడ్డుకోవచ్చుగా అంటారు కొందరు. ప్రభుత్వం సహకరించకపోతే హైకోర్టుకు వెళ్లవచ్చని 2006 తీర్పులోనే దారి చూపారు. ఆ దారిన నడిచే కమిషనర్లు అరుదు, కారణమూ తెలిసిందే. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఎన్నికలు వాయిదా వేసిన కమిషనర్ పదవీకాలాన్ని ఒక ఆర్డినెన్స్‌తో అయిదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించి ఇంటికి పంపింది. హైకోర్టు కొట్టివేస్తే తప్ప ఆయన తిరిగి రాలేదు. గోవాలో ప్రభుత్వ న్యాయశాఖ కార్యదర్శికే అదనపు బాధ్యతగా ఎన్నికల కమిషనర్ పదవి అప్పగిస్తే, 2021లో సుప్రీంకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది.

ఇప్పుడు కావలసింది మరో హితవచనం కాదు. గడువు ముగిసే తేదీకి ఆరు నెలల ముందే వార్డుల, రిజర్వేషన్ల ప్రక్రియ పూర్తికాకపోతే, పాత వార్డుల ప్రకారం నోటిఫికేషన్ దానంతట అదే వెలువడే ఏర్పాటు ఉండాలి. గడువు దాటాక అడ్మినిస్ట్రేటర్ల అధికారం దైనందిన నిర్వహణకే పరిమితం కావాలి. కొత్త టెండర్లు, భూముల కేటాయింపులు, పన్నుల పెంపు ఆయన చేతిలో ఉన్నంతకాలం ఏ అధికారపక్షానికీ ఎన్నికల తొందర పుట్టదు. ముందు బెంగళూరు లెక్క చూడండి: 2020 సెప్టెంబరులో పాలకవర్గం గడువు తీరిన ఆ నగరానికి, అయిదేళ్ల తర్వాత అందింది బ్యాలెట్ కాదు, అయిదు కార్పొరేషన్లుగా విభజన.