ఆకాశం ఎవరిదో రూలూ వాళ్లదే

ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఇలా అడిగారనుకోండి. యూరప్ నుంచి ఒక స్కైడైవర్ తన సొంత పారాచూట్ సర్దుకుని అమెరికా వెళ్లాడు. అందులోని రిజర్వ్ పారాచూట్‌ను ప్యాక్ చేసి ఎనిమిది నెలలైంది. అతని దేశంలో అది ఏడాది దాకా చెల్లుతుంది. అమెరికాలో గడువు 180 రోజులే. మరి అతను అక్కడ దూకొచ్చా?

"అమెరికాలో ఉన్నాడు కాబట్టి అమెరికా రూలే, దూకకూడదు" అని కొందరంటారు. "పారాచూట్ అతనిది, దేశం అతనిది, అక్కడి రూలే చెల్లుతుంది" అని ఇంకొందరు. రెండు జవాబుల్లోనూ తొందరే కనిపిస్తుంది. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఈ ప్రశ్న ఎందుకు పనికొస్తుందో చెప్పడానికే ఇదంతా.

ముందు సంగతేంటో చూద్దాం. స్కైడైవర్ వీపున ఉండే సంచిలో రెండు పారాచూట్లుంటాయి. మొదటిది మెయిన్. దాన్ని దూకేవాళ్లే మడిచి పెట్టుకోవచ్చు. రెండోది రిజర్వ్, మెయిన్ మొరాయిస్తే కాపాడేది. అమెరికాలో దాన్ని లైసెన్సున్న రిగ్గరే ప్యాక్ చేయాలి. ప్యాక్ చేశాక తన గుర్తున్న సీలు వేస్తాడు. తేదీ, చోటు, తన సర్టిఫికెట్ నంబరు కార్డు మీద రాసి సంతకం పెడతాడు. నైలాన్ లాంటి సింథటిక్ గుడ్డతో చేసినదైతే 180 రోజుల్లోగా, పట్టు లాంటి సహజ నారతో చేసినదైతే 60 రోజుల్లోగా మళ్లీ ప్యాక్ చేయించాలి.

ఇక ఏ దేశం రూలు అన్న మాట. 1944 నాటి షికాగో ఒప్పందంలో మొదటి ఆర్టికల్ చెప్పేది ఒక్కటే: తన నేల మీది ఆకాశంపై పూర్తి అధికారం ఆ దేశానిదే. కాబట్టి మొదటి మాట ఎప్పుడూ దూకే చోటు ఉన్న దేశానిదే. మీ దేశపు రూలు అక్కడ చెల్లుతోందంటే, దానికి ఆ దేశం ఒప్పుకుంది కాబట్టే.

అమెరికా అలా ఒప్పుకుంది కూడా. వాళ్ల విమానయాన నిబంధనల్లో విదేశీ స్కైడైవర్ల కోసం విడిగా ఒక సెక్షనే ఉంది. అమెరికా ఆమోదం లేని విదేశీ పారాచూట్‌తో దూకాలంటే ఆ పారాచూట్ దూకేవాళ్ల సొంతదై ఉండాలి. ఒకే హార్నెస్‌లో రెండు పారాచూట్లుండాలి. వాళ్ల దేశపు విమానయాన సంస్థ నిబంధనలకు సరిపోవాలి. అప్పుడు రిజర్వ్‌ను వాళ్ల దేశపు నిబంధనల ప్రకారం ప్యాక్ చేసి ఉన్నా సరిపోతుంది.

అంటే మన యూరప్ స్కైడైవర్ దూకొచ్చన్నమాటేగా? ఆగండి. ఈ మినహాయింపు అమెరికా ఆమోదం లేని విదేశీ పారాచూట్లకే. అతని రిజర్వ్, హార్నెస్‌ల మీద అమెరికా ఆమోదపు ముద్ర ఉంటే సెక్షన్ మారిపోతుంది, 180 రోజుల లెక్క వచ్చిపడుతుంది. మనిషి అతనే, ఆకాశం అదే. లేబుల్‌ను బట్టి జవాబు తిరగబడింది. అక్కడే అద్దెకు తీసుకున్న పారాచూట్ అయితే మినహాయింపు ఊసే లేదు. ఇంకో మాట. తప్పు జరిగితే బాధ్యత దూకినవాళ్ల ఒక్కరిదే కాదు. అలాంటి పారాచూట్‌తో దూకనిచ్చిన పైలట్ కూడా నిబంధన తప్పినట్టే. మీ కార్డు మీద ఉన్న పాత తేదీ ఇంకొకరి లైసెన్సుకు ఎసరు పెట్టొచ్చు.

"ఎందుకొచ్చిన గొడవ, రెండింటిలో కఠినమైన రూలు పాటిస్తే పోలా?" అని మీరు అడగొచ్చు. ప్రయాణానికి అది మంచి పద్ధతే. కానీ కఠినంగా ఉన్నదల్లా ఎక్కువ భద్రమని అనుకుంటే పొరపాటు. అమెరికాలోనే 2008 దాకా ఈ గడువు 120 రోజులు. ఇప్పటి గుడ్డలు ఎక్కువ కాలం మన్నుతాయని, ఊరికే విప్పి మడవడం వల్ల కూడా అరుగుతాయని తేలాక 180కి పెంచారు. 181వ రోజున నైలాన్ కుళ్లిపోదు. ఆ అంకె గుడ్డకు ఆయుష్షు కాదు, ఎవరు ఎప్పుడు చూసి పూచీ పడ్డారో చెప్పే లెక్క. అందుకే నా మట్టుకు నాకు, అంకె బట్టీ పట్టినవాళ్ల కన్నా ఆ అంకె ఎవరిది, ఎవరికి వర్తిస్తుంది అని అడిగినవాళ్లే నమ్మదగ్గవాళ్లు.

రేపు మీరు చేరబోయే ఉద్యోగంలోనూ ఇదే తంతు. హైదరాబాద్ చుట్టుపక్కల తయారైన మాత్ర అమెరికా మార్కెట్‌కు వెళ్లాలంటే అక్కడి ఎఫ్‌డీఏ ప్రమాణాలకు తూగాలి. వాళ్ల ఇన్‌స్పెక్టర్లు ఇక్కడి ప్లాంటుకొచ్చి మరీ రికార్డులు తిరగేస్తారు. యూరప్ కస్టమర్ల డేటా చూసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మాధాపూర్‌లో కూర్చున్నా అక్కడి డేటా చట్టం పట్టించుకోవాల్సిందే. "మా దగ్గర ఇలాగే చేస్తాం సార్" అనేది ఫ్రెషర్ల నోట తరచూ వినపడే మాట. అది జవాబు కాదు. "ఇది ఎవరి పరిధిలోకి వస్తుంది, మినహాయింపు ఉందా, ఉంటే షరతులేంటి, కాగితం ఎక్కడుంది?" ఈ నాలుగూ అడిగే అలవాటుంటే మొదటి ఏడాదిలోనే మీ మీద టీమ్‌కు గురి కుదురుతుంది.

పారాచూట్ మడిచే పనీ ఒక వృత్తే అని గుర్తుంచుకోండి. అమెరికాలో సీనియర్ రిగ్గర్ సర్టిఫికెట్‌కు 18 ఏళ్లు నిండాలి, ఒక్కో రకానికి కనీసం 20 పారాచూట్లు పర్యవేక్షణలో ప్యాక్ చేసి ఉండాలి. రాత, మౌఖిక, ప్రాక్టికల్ పరీక్షలు పాసవ్వాలి. మన దేశంలో పారాచూట్ల పరిశోధనకు ఆగ్రాలో డీఆర్‌డీవో ల్యాబ్ ఉంది, తయారీకి కాన్పూర్‌లో ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉంది. టెక్స్‌టైల్, ఏరోనాటికల్, మెకానికల్ చదివేవాళ్లు ఆ వైపు ఓ కన్నేయొచ్చు.

ఎంఎస్‌కి వెళ్లి, వీకెండ్‌లో ఫ్రెండ్స్‌తో టాండెమ్ జంప్‌కి వెళ్లేవాళ్లు మీలో ఉంటారు. అక్కడ పారాచూట్ వాళ్లది, రూలూ వాళ్లదే. అయినా ఫొటోలకు పోజులిచ్చే ముందు ఒక్క మాట అడగండి: "రిజర్వ్ ఎప్పుడు ప్యాక్ చేశారు?" కార్డు తీసి చూపిస్తే సరే. నవ్వి దాటేస్తే, కట్టిన డబ్బులు పోయినా వెనక్కి వచ్చేయండి.