అవగాహనలేని అవగాహన పరీక్ష

పదవతరగతి పరీక్షలు సమీపించినవనగానే మన పట్టణములలో వీథివీథిని ఒక విచిత్రమైన పారాయణము వినవచ్చును. తెల్లవారుజామున లేపబడిన బాలబాలికలు కన్నులు నులుముకొనుచు ఆంగ్ల గద్యభాగములను, వాటిక్రింది ప్రశ్నలను, ప్రశ్నలక్రింది జవాబులను వల్లెవేయుచుందురు. దీనికి 'రీడింగ్ కాంప్రిహెన్షన్' అని పేరు. చదివి గ్రహించుట యని దాని యర్థము. గ్రహింపును పరీక్షింపవలసిన పాఠమును వల్లెవేయించుట ఎట్టి విద్యయో మాకు బోధపడకున్నది. వేదము వల్లించువాడైనను తనకర్థము తెలియనిచో తెలియదని యొప్పుకొనును. ఇచ్చటనో, వల్లించినవానికి అర్థము తెలిసినదని ప్రభుత్వమే ముద్రవేసి యోగ్యతాపత్రము నిచ్చుచున్నది.

ఈ పాఠము చెప్పు విధానమును పాఠకులు ఒక్కమారు పరికింపవలెనని మా మనవి. బజారులో దొరకు గైడులను, కొశ్చన్ బ్యాంకులను తెరచి చూడుడు. సాయంకాలపు స్టడీ అవరులో ఒక మూలగా కూర్చుండి వినుడు. గద్యభాగమును ముందు చదువవలదు, ప్రశ్నను చదువుము. ప్రశ్నలోని ముఖ్యమైన మాటక్రింద గీత గీయుము. ఆ మాట గద్యభాగమున ఎచ్చటనున్నదో వెదకుము. దొరకిన వాక్యమును ఉన్నదున్నట్లు దింపుము. 'వై' అని యడిగినచో 'బికాజ్' అను మాటను పట్టుకొనుము; 'వెన్' అని యడిగినచో అంకెలున్న చోటు చూడుము; 'హూ' అని యడిగినచో పెద్ద అక్షరముతో మొదలగు మాటను వ్రాయుము. ఇదియే ఉపదేశము. ఉపాధ్యాయులను నిందించుట మా యుద్దేశము కాదు. బాలునకు 35 మార్కులు రాకున్నచో సంజాయిషీ చెప్పుకొనవలసినవారు వారు. అడిగిన ప్రశ్న ఇట్టిదైనప్పుడు వారు ఈ కిటుకు కాక మరేమి నేర్పగలరు? తప్పు ప్రశ్నలోనే యున్నది.

ఎట్లందురా? ఈ వాక్యమును చదువుడు: "లోబరము మిక్కిలి జిరుమటముగా నుండుటచేత గొవ్వళులు దానిని తెంబలలో నింపి దొరువటికి మిడురించెదరు." ఇక ప్రశ్నలు. గొవ్వళులు లోబరమును దేనిలో నింపుదురు? తెంబలలో. ఏల నింపుదురు? అది మిక్కిలి జిరుమటముగా నుండుటచేత. ఎచ్చటికి మిడురించెదరు? దొరువటికి. పాఠకమహాశయులకు మూడింటికి మూడు మార్కులు వచ్చినవి. లోబరమనగా నేమో, గొవ్వళులెవరో మీకు తెలియదు, మాకును తెలియదు, ఆ మాటలు మేము ఇప్పుడే కల్పించినవి. తెలుగు వాక్యనిర్మాణము తెలిసినవాడెవ్వడైనను ఈ పరీక్షలో నెగ్గును. మన బాలుడు ఆంగ్లమున చేయుచున్న పని సరిగా ఇదియే. వానికి 'బిలీఫ్', 'రెలక్టెంట్', 'నెవర్‌దిలెస్' మొదలగు మాటలన్నియు లోబరములే. మార్కులు మాత్రము నిజమైన మార్కులు.

ఇది పిల్లల పరీక్షలనుగూర్చిన అల్పవిషయమని త్రోసిపుచ్చువారికి మా వృత్తిలో కనబడిన సంగతి నొకదానిని చెప్పెదము. ఇల్లు తాకట్టుపెట్టి అప్పు తీసికొన్న ఒక చిన్న వర్తకునకు బ్యాంకునుండి నోటీసు వచ్చినది. 2002 నాటి సర్ఫేసీ చట్టము 13వ సెక్షను రెండవ ఉపవిభాగము క్రింది నోటీసది. అరువది దినములలో బాకీ చెల్లింపవలెను. లేనిచో ఆస్తి స్వాధీనము చేసికొందురు. ఆక్షేపణ యున్నచో ఋణగ్రస్తుడు వ్రాసికొనవచ్చును. అట్లు వ్రాసినచో బ్యాంకువారు పదునైదు దినములలో సమాధానమీయవలెను. తండ్రికి ఆంగ్లము రాదు. కుమారుడు పదవతరగతి ఆంగ్లమున ఉత్తమశ్రేణి పొందినవాడు. కుమారుడు చదివి, "బాకీ ఎంతున్నదో చెప్పుచున్నారు నాన్నా" అనెను. అంకెలు కనబడినవి గనుక అంకెలు చెప్పెను. వారు మా కార్యాలయమునకు వచ్చుసరికి డెబ్బదిమూడు దినములు గడచిపోయినవి. మేము ఆ బాలునిచేత నోటీసును మరల చదివించితిమి. ఎచ్చటను తడబడలేదు, ఉచ్చారణకూడ చక్కనిదే. 'ఫెయిలింగ్ విచ్' అనుచోట ఆపి, దీని యర్థమేమి బాబూ యని యడిగితిమి. "ఫెయిలింగంటే తప్పడమండీ, ఏ పరీక్ష తప్పారో ఇందులో రాయలేదండీ" యని వాడు మిక్కిలి వినయముగా చెప్పెను. తండ్రి తలవంచుకొనెను. ఆ బాలుడు మందబుద్ధి కాడు. పదేండ్లు వానికి నేర్పినది మాటను వెదకుట. అర్థమును వెదకుట ఎవరును నేర్పలేదు.

ఆంగ్లమును దేశమునుండి తరిమివేయుమని మేము చెప్పుట లేదు. రాజ్యాంగము 348వ అధికరణముననుసరించి సుప్రీంకోర్టులోను హైకోర్టులలోను వ్యవహారము ఆంగ్లముననే నడచుచున్నంతకాలము, అది రానివానికి ఎంత నష్టము కలుగుచున్నదో న్యాయవాదులమైన మాకు చెప్పనక్కరలేదు. కావుననే మా కోపము. 1835వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన మెకాలే తన నివేదికను వ్రాసినప్పుడు, పాలకులకును ప్రజలకును నడుమ దుబాసీలుగా నిలుచు ఒక తరగతిని తయారుచేయుటయే ఆతని సంకల్పము. ఆ సంకల్పమును మన పెద్దలు తగినట్లే ఖండించిరి. అయినను దుబాసీకి రెండుభాషలందును అర్థము తెలియవలసియుండెను. మన పరీక్ష తయారుచేయువానికి అదియు అక్కరలేకపోయినది! 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము క్రింది తరగతులన్నిటిని ఆంగ్లమాధ్యమమునకు మార్ప నుత్తరువిచ్చినది. 2020 ఏప్రిలులో హైకోర్టు దానిని కొట్టివేసినది. 2022లో తెలంగాణ ప్రభుత్వము అదే త్రోవ త్రొక్కినది. మాధ్యమమునుగూర్చి ఇరుపక్షములవారును గొంతులు చించుకొనిరి. బాలుడు చదివినది వానికి తెలియుచున్నదా యని పరీక్షించు ఉపాయమునుగూర్చి ఏ పక్షమువారును నోరు విప్పలేదు.

మెకాలే దేశమునుండియే వచ్చిన మైకేల్ వెస్టు అను మరియొక దొర ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను నడపుచు, 1926లో వంగదేశపు ద్విభాషావిద్యనుగూర్చి గ్రంథము నొకదానిని ప్రకటించెను. వంగబాలునకు ఆంగ్లమువలన ముందుగా కావలసినది మాటల గడసరితనము కాదనియు, పుస్తకములలోని జ్ఞానమును చదివి గ్రహింపగల శక్తి యనియు ఆతని వాదము. అందుకై క్రొత్తమాటలను కొద్దికొద్దిగా చేర్చుచు, తెలిసిన మాటలనే మరల మరల త్రిప్పుచు, బాలుడు చేతబట్టినచో విడువని కథల వాచకములను వ్రాసెను. నూరేండ్లు కావచ్చినది. ఆ దొర మాటలో సగమైనను మన విద్యాశాఖకు చెవి కెక్కలేదు.

చదివి గ్రహించుట యనునది చేతిపనివలె వేరుగా సాధనచేయదగిన విద్య కాదు. 1988లో అమెరికాలో రెఖ్ట్, లెస్లీ యను నిరువురు పరిశోధకులు అరువదినలుగురు విద్యార్థులకు బేస్‌బాల్ ఆటనుగూర్చిన కథ నిచ్చి చదివించిరి. చదువులో వెనుకబడినవారైనను ఆట తెలిసినవారు, చదువులో ముందున్నవారైనను ఆట తెలియనివారికంటె బాగుగా గ్రహించిరి. మన దేశమున దీనికి పరిశోధన యేల? వర్జీనియా పొగాకును బ్యారన్‌లో కాల్చు ఊరి పిల్లవానికి ఆ పని వర్ణించు ఆంగ్ల గద్యభాగము నిచ్చి చూడుడు. పట్టణపు కాన్వెంటు బాలుడు వానియెదుట తెల్లమొగము వేయును. లోకము తెలిసినకొలది పుస్తకము తెలియును. ఆ లోకజ్ఞానము బాలునకు ముందుగా వచ్చునది తల్లిభాషలోనే. కొశ్చన్ బ్యాంకులోని ఏబది గద్యభాగములలో ఒకదానికొకటి సంబంధములేదు: తిమింగిలము, ఆలివరు ట్విస్టు, ప్లాస్టిక్ కాలుష్యము, ఎవరెస్టు! ఏబదింటిలో ఏ ఒక్కటియు మనస్సున నిలువదు.

ఇక రెండవది విస్తారమైన పఠనము. మన తెలుగు కూలీలు ఓడలెక్కి పోయిన ఫిజీ ద్వీపములలో, 1980 ప్రాంతమున, ఎలీ, మంగూభాయి యను పండితులు పల్లెబడులలో ఒక పరీక్ష చేసిరి. నాలుగు, ఐదు తరగతుల గదులలో ఒక్కొక్కదానికి 250 ఆంగ్ల కథలపుస్తకములను చేర్చి, పిల్లలచేత ఊరక చదివించిరి. లేదా ఉపాధ్యాయులు వారితో కలిసి చదివిరి. పాతపద్ధతిని పాఠముల నభ్యసించిన బడులకంటె ఈ బడుల పిల్లలు ఏడాదిలోనే చదువులో మిగుల ముందునకు పోయిరి. 250 పుస్తకములు! మన ఉన్నతపాఠశాలలలో పుస్తకముల బీరువా యున్నచో దాని తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో ఆ ప్రధానోపాధ్యాయునే యడుగుడు.

మేము కోరునది ఒక్కటే మార్పు. గద్యభాగము ఆంగ్లమున నుండనిండు. అది బాలుడు మునుపు చూడనిదై యుండనిండు. ప్రశ్నలు మాత్రము తెలుగున అడుగుడు, జవాబులు తెలుగున వ్రాయనిండు. అంతటితో ఈ వెదకి దింపు విద్య కుప్పకూలును. తెలుగు ప్రశ్నలోని మాట ఆంగ్ల గద్యభాగమున దొరకదు. అర్థము తెలిసినవాడే వ్రాయును, తెలియనివాడు వ్రాయలేడు. ఇది మా మెట్టవేదాంతము కాదు. ఇంగ్లండులో పదునారేండ్ల బాలబాలికలకు జి.సి.యస్.ఇ. యను పరీక్ష కలదు. అందు ఫ్రెంచి భాషాపఠనమును పరీక్షించు పత్రమున పెక్కు ప్రశ్నలను ఆంగ్లముననే యడిగి, ఆంగ్లముననే జవాబు వ్రాయింతురు. ఫ్రెంచినుండి ఆంగ్లమునకు అనువాదమును కూడ చేయింతురు. తన బిడ్డకు ఫ్రెంచి తెలిసినదో లేదో తెలిసికొనుటకు ఆంగ్లేయుడు తన భాషలోనే యడుగును. ఆంగ్లేయుని అనుకరించుటలో ఇంత శ్రద్ధ గల మనము ఈ ఒక్క విషయమున ఆతని ననుకరింపకపోవుట చోద్యము.

జవాబు తెలుగున వ్రాసినచో ఆంగ్లమున వ్రాయుట ఎప్పుడు నేర్తురని యడుగువారుందురు. లేఖయు వ్యాసమును వ్రాయు భాగము పరీక్షలో వేరుగా నున్నది. దానిని మేము తాకుట లేదు. ఎత్తివ్రాత వ్రాత కానేరదు. దిద్దుటకు పరీక్షకులు దొరకరని మరియొక ఆక్షేపణ. ఉర్దూ, కన్నడ, తమిళ, ఒరియా మాధ్యమములవారికి ఏటేట పరీక్ష నడపుచున్న శాఖకు ఈ మాట చెల్లదు; ఆ బాలురుకూడ తమ తమ భాషలలో వ్రాయుదురుగాక. ఆంగ్లమాధ్యమపు పిల్లలకు తెలుగున రెండువాక్యములు వ్రాయుట రాదందురేని, ఆ నిజము బయటపడుటయే ఈ పరీక్షకు మొదటి లాభము.

అసలైన భయము వేరు. దానిని మంత్రులు పైకి చెప్పరు. మొదటియేట ఉత్తీర్ణతాశాతము పడిపోవును. తప్పక పడిపోవును. దాని దెబ్బ కూలివాని బిడ్డపై పడరాదు గనుక, మొదటి రెండేండ్లు ప్రశ్నలలో సగమును మాత్రమే ఈ రీతిగా నడపి, మిగిలిన సగమును పూర్వమువలె ఉంచవచ్చును. శాతము తగ్గుననుట వాస్తవమే. ఇప్పుడున్న శాతము ఆ వర్తకుని యిల్లు కాపాడలేదనుటయు వాస్తవమే.

పుస్తకముల మాట యందుమా? బెజవాడలో రామమోహన గ్రంథాలయము 1911లో వెలసెను; 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టెను. చందాలు పోగుచేసి, పుస్తకములను పల్లెలకు మోసికొనిపోయిన దేశము మనది. నేడు చందాల యగత్యము లేదు. 1960 నాటి చట్టము ననుసరించి ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నుకూడ పౌరులు చెల్లించుచునే యున్నారు. వసూలు చేసిన స్థానిక సంస్థలు దానిని జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమకట్టక బకాయిపడుచున్న వార్తలనుకూడ మన పఠనమందిరములలోనే కూర్చుండి చదువుచున్నాము. మీ పురపాలక సంఘము ఎంత వసూలు చేసినదో, ఎంత జమకట్టినదో సమాచారహక్కు చట్టము క్రింద ఒక యర్జీ వ్రాసి యడుగుడు. పది రూపాయల రుసుము. ముప్పది దినముల గడువు. యర్జీ వ్రాయుట తెలియనివారికి వ్రాసియిచ్చుటకు మేము సిద్ధముగా నున్నాము.

పరీక్షలశాఖవారు మేలుకొనువరకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. గ్రంథాలయసేవకులలో కొందరము కలిసి మా పట్టణపు పఠనమందిరమున ఆదివారము సాయంకాలము ఐదుగంటలకు ఒక పని ఆరంభించినాము. నిజమైన ఆంగ్లపు కాగితము నొకదానిని, బ్యాంకు నోటీసో, మందుసీసాతోడి చీటియో, రైల్వేవారి నిబంధనయో, బల్లపై పెట్టుదుము. పిల్లలు చదువుదురు, చదివినదానిని తెలుగున చెప్పుదురు, తప్పినచో ప్రక్కవారు దిద్దుదురు. మార్కులు లేవు. మొదటివారము వచ్చినవారు పదునొకండుగురు. వారిలో నలుగురు తండ్రులు.