దాచితే నమ్మకం నిలుస్తుందా?

ఆసుపత్రిలో జరిగిన పొరపాట్లు బయటికి చెబితే జనం వైద్యాన్నే నమ్మరన్న వాదన బలంగా ఉంది. వైద్యులే కాదు, చదువుకున్నవాళ్లు చాలామంది దాన్ని ఒప్పుకుంటారు. నేను ఒప్పుకోను.

జిల్లా పేజీల్లో తరచూ చూసే వార్తే తీసుకోండి: రోగి మృతి, వైద్యుల నిర్లక్ష్యమే కారణమని బంధువుల ఆందోళన. పొద్దున నడిచొచ్చిన మనిషి సాయంత్రానికి లేడు. ఏ మందు ఎంత ఎక్కించారు, బీపీ ఎప్పుడు పడిపోయింది, పెద్ద డాక్టరు ఎప్పుడొచ్చారు? కూర్చోబెట్టి చెప్పేవారుండరు. ‘మా ప్రయత్నం మేం చేశాం’ అంటారు, బిల్లు చేతికిస్తారు. ఆనక పోలీసులు, పెద్దమనుషులు, బేరం. డబ్బు ముట్టిన కుటుంబానికి నిజం తెలియదు. రేపు అదే వార్డులో చేరే రోగికి భద్రతా పెరగదు. నమ్మకం చచ్చేది ఇక్కడే.

చెబితే కోర్టు కేసులు ముంచెత్తుతాయంటారు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రులు 2001 నుంచి తప్పు జరిగితే తామే రోగికి చెప్పి, క్షమాపణ కోరి, పరిహారం ఇవ్వజూపాయి. 2010లో వెలువడిన అధ్యయనంలో, లక్ష చికిత్సా సందర్భాలకు నెలకు 2.13 ఉన్న దావాలు 0.75కు తగ్గినట్టు తేలింది. వేరే కారణాలూ తోడై ఉండొచ్చు. కేసులు పెరుగుతాయన్న భయం మాత్రం నిజం కాలేదు.

వైద్యుల భయాన్ని కొట్టిపారేయలేం. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసాలో ప్రసవానంతర రక్తస్రావంతో బాలింత చనిపోతే వైద్యురాలిపై హత్య కేసు పెట్టారు. ఆమె ఆత్మహత్య చేసుకుంది. స్వతంత్ర వైద్య నిపుణుల అభిప్రాయం తీసుకోకుండా వైద్యులపై క్రిమినల్ కేసులో ముందుకు వెళ్లొద్దని జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. దాన్ని పోలీసులు పాటించి తీరాలి. అయితే మౌనం వైద్యులను కాపాడుతుందా? ఎంత జాగ్రత్తగా ఉన్నా కాన్పు తర్వాత రక్తస్రావం ప్రాణం తీయగలదని ముందే చెప్పని చోట, తప్పించలేని మరణమూ నిర్లక్ష్యపు మరణమూ బంధువుల కంటికి ఒకటే. జరిగిన తప్పులను ఒప్పుకునే ఆసుపత్రి మాటకే, తప్పు జరగలేదన్నప్పుడు విలువ ఉంటుంది.

మన వంతు పనీ ఉంది. రోగిగానీ రోగి తరఫున అధికారం ఉన్న సహాయకులుగానీ అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. రాళ్లు వేయకండి, బేరానికి దిగకండి. కేస్ షీటు నకలు కావాలని కాగితం మీద రాసి ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి.