చట్టం రైతుకేనా?

శేరిలింగంపల్లి: పొలం గట్టున చెట్టు కొట్టాలంటే, కొన్ని రకాలకు తప్ప, రైతు అధికారుల అనుమతి తీసుకోవాలి. 2002 నాటి వాల్టా చట్టం చెబుతున్నదిదే. అనుమతి లేని కలప దారిలో దొరికితే జరిమానా తప్పదు.

హైటెక్ సిటీకి దాపున ఉన్న కంచ గచ్చిబౌలిలో జరిగిందేమిటి? 2025 ఉగాదినాడు, మార్చి 30న, జింకలూ నెమళ్లూ తిరిగే 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేసరికి సుమారు 100 ఎకరాలు బోడిగా మారాయి. అటవీ ప్రాంతాల గుర్తింపునకు మార్చి 15న కమిటీ వేసిన ప్రభుత్వానికి ఇంతలోనే అంత తొందర ఏమొచ్చిందని న్యాయస్థానం నిలదీసింది.

భూమి తమదేనని, రికార్డుల్లో అడవి కాదని ప్రభుత్వం వాదించింది. రైతు పొలమూ రైతుదే. రికార్డుల్లో అదీ అడవి కాదు. అయినా అతన్ని అనుమతి కాగితం అడుగుతున్నారు గదా!

కంపెనీలు రావాలి, పిల్లలకు కొలువులు దొరకాలి. కాదనేవారెవరూ లేరు. అయితే సర్కారు భూమి వేలానికి ముందే అక్కడి చెట్ల లెక్క, అనుమతి పత్రం స్థానిక కార్యాలయం గోడపై అంటించాలి. గట్టు మీది చెట్టుకు వర్తించే చట్టం కంచలోని వనానికీ వర్తించాలి.