ఆంగో సౌధం - పావురాల బురుజు

ఫ్రాన్సులోని నార్మండీ తీరాన, దియెప్ రేవుకు చేరువగా, వారాంజెవిల్ గ్రామంలో ఆంగో సౌధమున్నది. ఓడల వర్తకంలో అపారధనం గడించిన ఝాన్ ఆంగో దీనిని 1530 తరువాతి సంవత్సరాలలో కట్టించినాడు. అతని ఓడలు 1529లోనే సుమత్రా దాకా సాగినవి. చివరకు అతడు 1551లో అప్పులపాలై మరణించినాడు.

ఇటలీ రీతిలో తీర్చిన స్తంభాల వసారా కంటె చూపరులను ఎక్కువగా ఆకర్షించేది ప్రాంగణంలోని గుండ్రని పావురాల బురుజు. చెకుముకిరాయి, ఇసుకరాయి, ఇటుకలు కలిపి నేతపనివలె పేర్చిన గోడలు. పైన ఉబ్బెత్తు గుమ్మటం. లోపల సుమారు 1,600 గూళ్లు. పక్షులకింత వైభోగం!

అయితే ఆ పక్షుల మేత ఎక్కడిది? రైతులు చల్లిన విత్తనాలే. బురుజు కట్టి పావురాలను పెంచడం ప్రభువుల హక్కు. పొలం మీద వాలిన పావురాన్ని కొట్టే హక్కు రైతుకు లేదు. వాస్తుకళను బోధించే ఉపాధ్యాయుడు గోడల రంగులను వర్ణించి ఊరకుంటే అది సగం పాఠమే. గూళ్ల లెక్కతోపాటు పొలాల లెక్కనూ విద్యార్థి అడుగవలె. ఫ్రెంచి రైతులు అడిగినారు. 1789 ఆగస్టు 4 రాత్రి జాతీయసభ తీర్మానాలలో ఈ హక్కు రద్దయినది. గ్రామాలు నిర్ణయించిన కాలంలో పావురాలను మూసి ఉంచవలెనని, అప్పుడు తన నేలపై వాలినవాటిని ఎవరైనా చంపవచ్చునని శాసనమైనది.