సంతకం ఒక్కటే చాలదు.. నౌక ముద్రే అసలు సాక్షి! రికవరీ కవర్ల కథ ఇదీ

చంద్రుడి దాకా వెళ్లొచ్చిన వ్యోమగామి సంతకం ఉన్న ఓ పాత పోస్టల్ కవర్. చూస్తే మామూలు కవరే. కానీ వేలానికి వస్తే కలెక్టర్లు పోటీ పడతారు. కారణం సంతకం ఒక్కటే కాదు. సముద్రంలో దిగిన క్యాప్సూల్‌ను పైకి తీసిన యుద్ధనౌకలోని పోస్టాఫీసు తేదీ ముద్ర కూడా దాని మీద ఉంటుంది. వీటినే రికవరీ కవర్లు అంటారు. గగన్‌యాన్ రికవరీకి మన నౌకాదళం కూడా సిద్ధమవుతున్న వేళ ఈ పాత కథ ఒకసారి చూడాల్సిందే.

ఇంతకీ ఎలా తయారయ్యేవి?

1960, 70లలో అమెరికా వ్యోమగాములు సముద్రంలోనే దిగేవారు. వాళ్లను తీసుకొచ్చే పెద్ద నౌకల్లో పోస్టాఫీసులు ఉండేవి. కలెక్టర్లు తమ అడ్రస్ రాసిన కవర్లను ముందే నౌకకు పంపేవారు. క్యాప్సూల్ దిగిన రోజున సిబ్బంది ముద్ర కొట్టి పోస్టు చేసేవారు. సంతకం సంగతి వేరు. దాన్ని ఆ తర్వాత ఎప్పుడో, వ్యోమగామికి పంపో, నేరుగా కలిసో తీసుకునేవారు. అంటే ఒకే కవర్ మీద రెండు వేర్వేరు రోజుల చరిత్ర అన్నమాట.

ఇక్కడే మోసానికి దారి దొరుకుతుంది. అసలు కవర్ మీద దొంగ సంతకం పెట్టొచ్చు. పైగా ఆ రోజుల్లో వ్యోమగాముల బదులు సంతకం చేసే ఆటోపెన్ మెషిన్లు కూడా వాడేవారు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1994 నుంచి ఆటోగ్రాఫ్‌లు ఇవ్వడమే మానేశారు. దాంతో ఆయన సంతకానికి గిరాకీతో పాటు నకిలీల బెడదా పెరిగింది.

ఒక ఉదాహరణ చూద్దాం. 1969 జూలై 24న అపోలో 11 సిబ్బందిని యూఎస్ఎస్ హార్నెట్ తీసుకొచ్చింది. నౌక ఎక్కిన వెంటనే ముగ్గురూ క్వారంటైన్ ట్రైలర్‌లోకి వెళ్లిపోయారు. కాబట్టి 'ఆ రోజే డెక్ మీద సంతకం చేయించాం' అని ఎవరైనా అమ్మజూపితే అనుమానించాల్సిందే.

ముద్ర ఉన్నా ఏ నౌకదో చూడాలి. 1966 మార్చిలో జెమిని 8 కోసం అట్లాంటిక్‌లో యూఎస్ఎస్ బాక్సర్ ఎదురుచూసింది. ప్రమాదం ముంచుకు రావడంతో క్యాప్సూల్ పసిఫిక్‌లో అత్యవసరంగా దిగింది. తీసింది లియొనార్డ్ ఎఫ్ మేసన్ అనే నౌక. కాబట్టి బాక్సర్ ముద్ర నిజమైనదే అయినా, క్యాప్సూల్ మాత్రం ఆ నౌక ఎక్కలేదు.

పరువు తీసిన 400 కవర్లు

అసలు మచ్చ అపోలో 15తో పడింది. 1971లో డేవిడ్ స్కాట్, ఆల్ఫ్రెడ్ వర్డెన్, జేమ్స్ ఇర్విన్ దాదాపు 400 కవర్లను అనుమతి లేకుండా చంద్రుడి దాకా తీసుకెళ్లారు. ఆగస్టు 7న తిరిగొచ్చాక రికవరీ నౌక ఒకినావాలోనే వాటికి స్టాంపులు అంటించి ముద్ర వేయించారు. అందులో 100 కవర్లు ఓ జర్మన్ స్టాంపుల వ్యాపారి చేతికి చేరి అమ్ముడుపోయాయి. ఒక్కొక్కరికి దాదాపు 7 వేల డాలర్లు ముట్టేలా ఒప్పందం. తర్వాత వ్యోమగాములు ఆ డబ్బు వద్దనుకున్నా విషయం బయటపడింది. 1972లో నాసా మందలించింది. ముగ్గురిలో ఎవరూ మళ్లీ అంతరిక్షంలోకి వెళ్లలేదు. స్వాధీనం చేసుకున్న కవర్లు వర్డెన్ కోర్టుకెక్కాక 1983లో గానీ వెనక్కి రాలేదు.

గమనించాల్సింది ఏంటంటే, ఆ కవర్లు నకిలీవి కావు. ముద్ర అసలుదే, సంతకాలూ అసలువే. లేనిది అనుమతి, పారదర్శకత.

మనకేంటి పాఠం?

2007 జనవరి 22న ఇస్రో ఎస్ఆర్ఈ-1 క్యాప్సూల్ బంగాళాఖాతంలో దిగింది. 2023 అక్టోబర్ 21న శ్రీహరికోట నుంచి ఎగిరిన గగన్‌యాన్ టెస్ట్ మాడ్యూల్‌ను ఐఎన్ఎస్ శక్తి తీసుకొచ్చింది. 2024 డిసెంబర్‌లో విశాఖ తీరంలో రికవరీ ట్రయల్స్ జరిగాయి. రేపు మన వ్యోమగాములు సముద్రంలో దిగితే ఆ రోజు ముద్ర ఉన్న కవర్ ప్రతి స్టాంపుల కలెక్టర్‌కూ కావాలి.

అందుకే ఎన్ని కవర్లు వేస్తారు, ముద్ర ఏ నౌకలో పడుతుంది, సంతకాలు ఎవరు ఎప్పుడు చేస్తారు అన్నది క్యాప్సూల్ నీళ్లు తాకకముందే ప్రకటిస్తే మంచిది. లెక్క బహిరంగంగా ఉంటే దొంగ కవర్ దొరికిపోతుంది. లేదంటే యాభై ఏళ్ల తర్వాత మన కవర్లకూ ఇదే అనుమానం తప్పదు.