ఇంటింటి ఇంగ్లీషు: జ్వరం ‘కంప్లీట్లీ’ తగ్గిందా?

‘‘బాబు స్కూలు డైరీలో ‘హోంవర్క్ నాట్ కంప్లీట్లీ డన్’ అని రాశారు. వాడు అసలు చెయ్యలేదనా, కొంత చేశాడనా?’’ అని గజపతినగరం నుంచి ఒక సోదరి అడిగారు.

కొంత చేశాడనేనమ్మా! తొందరపడి తిట్టకండి.

‘కంప్లీట్లీ’ అంటే పూర్తిగా, సాంతం అని. ‘నెమ్మది’కి ‘గా’ చేరిస్తే ‘నెమ్మదిగా’ అయినట్టే, ‘కంప్లీట్’కి ‘లీ’ చేరింది. మనమేమో ‘కంప్లీట్‌గా మర్చిపోయాను’ అంటూ ఇంగ్లీషు మాటకి తెలుగు తోక తగిలిస్తాం. ఈ కలగలుపు మన జిల్లాకి కొత్త కాదు. మాటకి ముందు ఇంగ్లీషు దంచే గిరీశం ఉన్న ‘కన్యాశుల్కం’ 1892లో మొదట ఆడింది విజయనగరంలోనే కదా!

వంటింట్లో చూడండి. కేకు ‘కంప్లీట్లీ’ చల్లారాకే క్రీము రాయాలి, లేకపోతే కరిగి జారిపోతుంది. ఆవకాయ జాడీ ‘కంప్లీట్లీ’ ఆరాలి, తడి ఉంటే బూజు పడుతుంది. ఇలా ఆరడం, చల్లారడం, నిండడం వంటి, ఒక చివరంటూ ఉన్న పనులకే ఈ మాట నప్పుతుంది. రుచికి అలాంటి చివర లేదు. అందుకని ‘కంప్లీట్లీ టేస్టీ’ అనకండి, ‘వెరీ టేస్టీ’ అనండి.

అసలు తిరకాసంతా ‘నాట్’తోనే. ‘నాట్ కంప్లీట్లీ’ అంటే కొంత అయింది, కొంత మిగిలింది. ఏమీ కాలేదని చెప్పాలంటే ‘నాట్ ఎట్ ఆల్’ అనాలి. తెలుగులో ‘పూర్తిగా తగ్గలేదు’ వేరు, ‘బొత్తిగా తగ్గలేదు’ వేరు. ఇదీ అంతే.

తెలుగు రాని డాక్టరుగారి దగ్గర ఈ తేడా చాలా ముఖ్యం. ‘ది ఫీవర్ హాజ్ నాట్ గాన్ కంప్లీట్లీ’ అంటే తగ్గింది గానీ ఇంకా కొంచెం ఉందని. ‘ది ఫీవర్ హాజ్ నాట్ కమ్ డౌన్ ఎట్ ఆల్’ అంటే ఎక్కడున్నది అక్కడే ఉందని. మొదటిది విని ఆయన ఇంకో రెండు రోజులు చూద్దామనుకోవచ్చు, రెండోది వింటే మందు మార్చాలా అని ఆలోచించవచ్చు. మాట తడబడుతుందనిపిస్తే పూటపూటకీ థర్మామీటరు చూసి, జ్వరం ఎంతుందో చీటీ మీద రాసుకెళ్లండి. అంకెలకి వ్యాకరణం అక్కర్లేదు!

అన్నట్టు, యాంటీబయాటిక్ రాసి ‘కంప్లీట్ ది కోర్స్’ అన్నారంటే, జ్వరం తగ్గిపోయినా ఆయన చెప్పినన్ని రోజులూ వాడాలి.

ఈ వారం అభ్యాసం: ‘అన్నం పూర్తిగా ఉడకలేదు.’
జవాబు: ‘ది రైస్ ఈజ్ నాట్ కంప్లీట్లీ కుక్డ్.’